గుండ్లకమ్మలో మూడు పేర్లు

గోడెక్కి నిలబడ్డాడు క్లౌ దొర.

ఎదురుగా జనం. చెట్ల కింద జనం. గట్టు మీద జనం. ముసలాళ్ళు, బాలింతలు, చంకన బిడ్డలు. గోచీ తప్ప ఒంటిమీద నూలుపోగు లేనివాళ్ళు. రెండేళ్ళ కరువు ఒక్కో మొహంలోంచీ కండంతా ఒలుచుకుపోయింది. ఎముకలు మిగిలాయి. కళ్ళు మిగిలాయి. ఆ కళ్ళన్నీ ఇప్పుడు గోడ మీదున్న మనిషినే చూస్తున్నాయి.

1878. జూలై నెల మొదలు. ఊరు వెల్లంపల్లి, ఒంగోలుకి ఉత్తరంగా పది మైళ్ళు.

ఆయన కబురు పెట్టింది బోధకులకి. కొత్తవాళ్ళని వెంట తీసుకురావద్దని మరీ మరీ చెప్పాడు. బోధకులు వచ్చారు. వాళ్ళ వెనకాలే పల్లెలకి పల్లెలు కదిలొచ్చాయి.

ఇళ్ళకి వెళ్ళిపొమ్మన్నాడు దొర.

ఒక్కరూ కదల్లేదు.

జాన్ ఎవరెట్ క్లౌ బాప్టిస్టు మిషనరీగా ఇండియాకి వచ్చింది 1865లో. అమెరికాలో ఉన్నప్పుడు గొలుసు పట్టుకుని భూములు కొలిచిన సర్వేయరు. ఆ పనితనమే కరువులో అక్కరకొచ్చింది. 1876లో వానలు మొహం చాటేశాయి. మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా గింజలు కరువైపోయాయి. ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలవ తవ్వించడం మొదలుపెడితే, అందులో మూడున్నర మైళ్ళ ముక్కని క్లౌ కాంట్రాక్టుకి తీసుకున్నాడు. రాజుపాలెం దగ్గర గుడిసెలు లేచాయి. తవ్వినవాడికి కూలి. కూలితో గింజలు. గింజలతో ప్రాణం. తట్టలు మోసేవాళ్ళకి మేస్త్రీలుగా నిలబడింది ఆయన దగ్గరి బోధకులే. పొద్దు నడినెత్తికి వచ్చినప్పుడు పని ఆపి, మట్టి కుప్పల మీద కూర్చుని, వాళ్ళు ప్రభువు మాటలు చెప్పేవాళ్ళు. భారం మోసేవాళ్ళని తన దగ్గరికి పిలిచిన ప్రభువు గురించి చెప్పేవాళ్ళు. తలమీద తట్టతోనే నిలబడి వినేవాళ్ళకి ఆ మాట వేరేగా విప్పి చెప్పాల్సిన పని లేదు.

బాప్తిస్మం ఇమ్మని అడగడం అక్కడే మొదలైంది.

క్లౌ ఇవ్వలేదు. ఒక నెల కాదు, రెండు నెలలు కాదు, పదిహేను నెలలు. తన చేతిలో కూలి డబ్బులున్నంత కాలం ఎవరినీ నీళ్ళలోకి దింపకూడదని పట్టుబట్టాడు. బువ్వ కోసం దేవుణ్ణి మార్చారన్న మాట వీళ్ళ మీద పడకూడదు. తన మీద పడినా ఫర్వాలేదేమో గానీ, జీవితమంతా ఏదో ఒక నింద మోస్తున్న ఈ మాదిగ పల్లెల జనం మీద ఇంకొకటి పడకూడదు.

ఇప్పుడు కాలవ పని అయిపోయింది. కూలి లేదు. గోడ మీద నిలబడ్డ మనిషి చేతులు ఖాళీ. అదే మాట జనానికి చెప్పాడు.

జనం చెప్పిన జవాబుని ఆయన చివరిదాకా మర్చిపోలేదు. నీ డబ్బు మాకొద్దన్నారు. అరచేతుల బొబ్బలు చూడమన్నారు. కష్టం చేశాం, ఇకముందూ చేస్తామన్నారు. వచ్చే పంట కూడా పోతే చచ్చిపోతాం, చచ్చేదేదో క్రైస్తవులుగా చస్తాం, బాప్తిస్మం ఇవ్వమన్నారు.

గోడ దిగాడు క్లౌ. పక్కకి వెళ్ళి బోధకులతో కూర్చున్నాడు. ఇంకా వద్దనడానికి ఆయన దగ్గర ఒక్క కారణం కూడా మిగల్లేదు.

పల్లెపల్లెనీ విడివిడిగా కూర్చోబెట్టారు. ఏ పల్లె జనాన్ని ఏ బోధకుడు ఎరుగునో అతనే ముందుకి వచ్చి పూచీ పడాలి. ఎవరు ఎన్నాళ్ళుగా వింటున్నారు? ఏం నమ్మారు? ఏం వదిలేశారు? అడిగినవి అడిగారు, పేర్లు కాయితం మీదకెక్కాయి. జూలై 2న 614 మంది గుండ్లకమ్మలో మునిగి లేచారు.

తెల్లారింది. బుధవారం. జూలై 3.

జనం నిన్నటికంటే ఎన్నో రెట్లున్నారు.

గుండ్లకమ్మ ఆ రుతువులో లోతుగానే పారుతోంది. అభిషేకం పొందిన బోధకులు ఆరుగురు. ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలోకి దిగారు. నడుము లోతు. అడుగున ఇసక జారుతోంది. గట్టు మీద ఒకడు కాయితం చూసి పేరు పిలుస్తున్నాడు. పిలిచిన మనిషి దిగుతున్నాడు. బోధకుడి చెయ్యి వీపు మీద పడుతుంది. తండ్రి పేరు. కుమారుడి పేరు. పరిశుద్ధాత్మ పేరు. మనిషి వెనక్కి వాలుతాడు, నీళ్ళు మూసుకుంటాయి, మళ్ళీ తెరుచుకుంటాయి. ఈ బోధకుడు ఒకరిని లేపేలోపు పక్కనున్న రెండో బోధకుడి ముందు ఇంకొకరు సిద్ధం. మళ్ళీ తండ్రి. మళ్ళీ కుమారుడు. మళ్ళీ ఆత్మ. తొక్కిసలాట లేదు, కేకలు లేవు. ఇద్దరూ అలిసిపోతే ఇంకో ఇద్దరు దిగుతున్నారు.

క్లౌ నీళ్ళలో అడుగు పెట్టలేదు. ఆ రోజు ఒక్కరికి కూడా ఆయన చేత్తో బాప్తిస్మం ఇవ్వలేదు. తెలుగు మనుషులే తెలుగు మనుషుల్ని ముంచారు.

ఎండ ఎక్కింది. మధ్యాహ్నానికి బోధకుల చేతులు బరువెక్కాయి. కాసేపు ఆపారు. జనం గట్టు మీదే కూర్చున్నారు. పిలవాల్సిన పేర్లు కాయితం మీద ఇంకా బారులు తీరి ఉన్నాయి.

ఎందుకు మూడు పేర్లు?

ఒక్క పేరు సరిపోదా? అంతమందికి, ఆ ఎండలో, గొంతులు ఎండిపోతుంటే, ప్రతి మనిషికీ మూడూ పలకాల్సిందేనా? ఈ ప్రశ్నకి జవాబు గుండ్లకమ్మ గట్టు మీద పుట్టలేదు. అదీ ఒక కరువు నేల మీదే పుట్టింది. దాదాపు పదిహేను వందల ఏళ్ళ అవతల.

కప్పదోకియ. ఇప్పటి టర్కీ. సెసరియ అనే పట్నం. 368, 369 సంవత్సరాల్లో అక్కడ వానల్లేవు. సముద్రం దూరం, ఓడల మీద గింజలొచ్చే దారి లేదు. ఉన్నవాళ్ళు కొట్లకి తాళాలేశారు, ధర ఇంకా పెరుగుతుందని చూస్తున్నారు. బాసిల్ అనే గురువు గుడిలో నిలబడి వాళ్ళని పేరు పెట్టినంత పని చేసి తిట్టాడు. తాళాలు తెరుచుకున్నాయి. పెద్ద పెద్ద కాగుల్లో పులుసు కాగింది. గొప్పింటి బిడ్డ నడుముకి గుడ్డ చుట్టుకుని ఆకలిగొన్నవాళ్ళకి తన చేత్తో వడ్డించాడు.

370లో ఆయన బిషప్ అయ్యాడు. ఆ వెంటనే చక్రవర్తి మనుషులు వచ్చారు.

చక్రవర్తి వాలెన్స్‌కి కావలసింది ఒక్క ఒప్పుకోలు. కుమారుడు తండ్రితో సమానం కాదనాలి. అలెగ్జాండ్రియా గురువు అరియస్ అంటించిన నిప్పు అది. కుమారుడు ఎంత గొప్పవాడైనా దేవుడు చేసినవాడే, ఆయన లేని కాలం ఒకటుందని అరియస్ బోధ. 325లో నికయ పట్నంలో బిషప్పులంతా కూర్చుని దాన్ని కాదన్నారు. కాదన్నంత మాత్రాన ఆరలేదు. చక్రవర్తులు మారినప్పుడల్లా రాజుకుంది. కాదన్న అథనాసియస్‌ని ఐదుసార్లు దేశం నుంచి వెళ్ళగొట్టారు. ఇప్పుడు బాసిల్ వంతు.

అధికారి మొదెస్తుస్ గద్దె మీద కూర్చున్నాడు. బాసిల్‌ని ఎదురుగా నిలబెట్టాడు. ఆస్తి జప్తు చేస్తానన్నాడు. నాలుగు పుస్తకాలూ చిరుగుబట్టలూ తీసుకోమన్నాడు బాసిల్. దేశం దాటిస్తానన్నాడు. భూమంతా దేవుడిదే అయినప్పుడు ఎటు దాటించినా ఒకటేనన్నాడు. హింసలు పెడతానన్నాడు. ఈ బక్క ఒళ్ళు మొదటి దెబ్బకి మించి ఆగదన్నాడు. చంపుతానన్నాడు. దేవుడి దగ్గరికి తొందరగా చేరుస్తావన్నాడు. సృష్టించబడినవాణ్ణి తాను పూజించలేనని తెగేసి చెప్పాడు. తనతో ఇలా ఎవరూ మాట్లాడలేదని మొదెస్తుస్ నోరెళ్ళబెట్టాడు. బిషప్ అనేవాణ్ణి నువ్వింతవరకు చూసి ఉండవన్నాడు బాసిల్.

కొన్నాళ్ళకి చక్రవర్తే స్వయంగా గుడిలోకి నడిచొచ్చాడు. 372, ఎపిఫనీ పండగ. లోపల జనం పాడుతున్నారు, ఉరుములా ఉంది. పీఠం దగ్గర బాసిల్ కదలకుండా నిలబడి ఉన్నాడు. కానుక పట్టుకొచ్చిన వాలెన్స్ చేతులు వణికాయి, కాళ్ళు తడబడ్డాయి. పక్కనున్నవాడు పట్టుకోకపోతే పడిపోయేవాడే.

బాసిల్‌ని ఎవరూ దేశం దాటించలేదు. కానీ గొడవ ఇంకో తలుపు తట్టింది. కుమారుడి సంగతి సరే, మరి ఆత్మ? ఆత్మ కూడా దేవుడేనని ఎవరు చెప్పారు?

375లో బాసిల్ జవాబు రాశాడు. ఆ పుస్తకం పేరే ‘పరిశుద్ధాత్మ గురించి’. ఎక్కడెక్కడి తర్కాలో వెతుక్కోలేదు. నువ్వు క్రైస్తవుడివి ఎలా అయ్యావో గుర్తు తెచ్చుకోమన్నాడు. నీళ్ళలో నిలబెట్టి ముగ్గురి పేరూ చెప్పారు కదా. తండ్రి పక్కన కుమారుణ్ణి చెప్పారు, వాళ్ళ పక్కనే ఆత్మని చెప్పారు. దేవుడి సరసన దేవుడు కానివాడి పేరు పెట్టి ముంచుతారా? బాప్తిస్మం ఎలాగో నమ్మకం అలాగే, నమ్మకం ఎలాగో స్తుతి కూడా అలాగే అన్నాడు. త్రిత్వం పండితులు గదిలో కూర్చుని అల్లిన లెక్క అనుకుంటారు చాలామంది. బాసిల్ చేతిలో అది నీళ్ళలోంచి లేచింది. అప్పటికే లక్షల నోళ్ళు పలికిన మూడు పేర్లకి పండితులు తర్వాత వచ్చి అర్థం చెప్పుకున్నారు, అంతే.

379 జనవరి 1న ఆయన కన్నుమూశాడు. ఆయన మాటకి కాన్‌స్టాంటినోపుల్ మహాసభ ముద్ర వేసింది 381లో. ఒక్క దేవుడు. ముగ్గురు. ముగ్గురు దేవుళ్ళు కాదు. ఒకే దేవుడు వేసే మూడు వేషాలూ కాదు. ఒకడు పెద్ద, ఇద్దరు చిన్నా కాదు.

గుండ్లకమ్మ గట్టు మీద కూర్చున్న జనానికి ఈ సభలు తెలియవు, ఈ పేర్లూ తెలియవు. తెలిసిందల్లా వేరే.

ఆసామి తను గడప దిగకుండా జీతగాణ్ణి పంపడం వాళ్ళకి తెలుసు. మాదిగ గూడేనికి ఏ కబురొచ్చినా జీతగాడే తెచ్చాడు. ఆసామి ఎప్పుడూ రాలేదు. కుమారుడు దేవుడు కాకపోతే, ఆకలి తెలిసి, కొరడా దెబ్బలు తెలిసి, ఊరి బయట చచ్చిపోయిన ఆ మనిషి ఇంకో జీతగాడే. దేవుడు తన గడప దిగలేదనే అర్థం. దేవుడే అయితే మాత్రం గూడెంలోకి వచ్చింది ఆసామే. ఆత్మ దేవుడు కాకపోతే, ఊరు ముట్టని ఈ ఒంట్లో నివసించడానికి దేవుడు ఒప్పుకోలేదన్నమాట. దేవుడే అయితే, ఊరు ముట్టని ఒళ్ళే దేవుడి గుడి. నికయలో బిషప్పులు తలలు పట్టుకుని తేల్చిన సంగతి ఎవరికి ఎక్కువ అవసరమో వెల్లంపల్లిలో చూడాలి.

ఆ జనానికి ఈ దారి వేసినవాడు ఎర్రగుంట్ల పేరయ్య. ఊరు తాళ్ళకొండపాడు, వ్యాపారం తోళ్ళు. చదువు లేదు. దేవుడి కోసం గురువుల వెంట తిరిగి, యోగం పట్టి, దేవుడికి రూపం లేదని, ఆయన ఆత్మ అని నేర్చుకున్నవాడు. తోళ్ళ బేరం మీద ఉత్తరం వైపు పోయినప్పుడు ఏలూరు దగ్గర మిషనరీల నోట కుమారుడి సంగతి విన్నాడు. ఇంటికొచ్చి భార్య నాగమ్మకి చెప్పాడు. 1866లో ఒంగోలు నడిచొచ్చి, మిషనరీ జ్యూయెట్ దొర చేత బాప్తిస్మం తీసుకున్నాడు. వరస చూడండి. అందరికీ తండ్రి ముందు. పేరయ్యకి ఆత్మ ముందు, కుమారుడు తర్వాత. ఆ కుమారుడు చెయ్యి పట్టుకుని నడిపిస్తే ఆఖరికి దొరికాడు తండ్రి. ఏ కొసని పట్టుకున్నా మిగతా ఇద్దరి దగ్గరికే చేరతాం. నలభై ఏళ్ళు త్రిత్వం మీద ప్రసంగాలు విన్నవాళ్ళకి కూడా ఇంత నేరుగా అందదు.

మరో మాట కూడా ఉంది. ఈ సృష్టి లేనప్పుడు దేవుడు ఎవర్ని ప్రేమించాడు? ఒంటరి దేవుడికి ప్రేమించడానికి లోకం కావాలి, లోకం లేకపోతే ప్రేమా లేదు. తండ్రీ కుమారుడూ ఆత్మా అయిన దేవుడిలో ప్రేమ లోకం కంటే ముందే ఉంది. ఆకలిగొన్నవాడికి ఈ దేవుడి దగ్గర దొరికేది మిగిలిపోయిన మెతుకు కాదు, ఆ ఇంట్లో ఎప్పటినుంచో సాగుతున్న భోజనంలో ఒక విస్తరి.

మధ్యాహ్నం వాలింది. బోధకులు మళ్ళీ నీళ్ళలోకి దిగారు.

పేరు. మెట్టు. నీళ్ళు. మూడు పేర్లు. పేరు. మెట్టు. నీళ్ళు. మూడు పేర్లు. పావు నిమిషానికి ఒకరు. తడిసిన బట్టలతో గట్టెక్కినవాళ్ళు వణుకుతూ నిలబడి, ఇంకా దిగని తమవాళ్ళ కోసం చూస్తున్నారు. తండ్రిని కొడుకు చూస్తున్నాడు, కోడల్ని అత్త చూస్తోంది, అప్పుడే లేచిన ముసలాడు నీళ్ళు కారుతున్న కళ్ళతో గట్టు మీద తన పల్లెవాళ్ళని వెతుక్కుంటున్నాడు, కాయితం పట్టుకున్నవాడి గొంతు రాసుకుపోయింది, అయినా పేరు తర్వాత పేరు, పల్లె తర్వాత పల్లె, పొద్దు తాటాకుల వెనక్కి జారేదాకా ఆ పిలుపు ఆగలేదు.

సాయంత్రం లెక్క చూశారు. 2,222.

ఒక్క రోజులో. ఇద్దరేసి బోధకులతో. పెంతెకొస్తు నాడు యెరూషలేములో మూడు వేల మందికి బాప్తిస్మం ఎలా ఇవ్వగలిగారని అనుమానపడ్డవాళ్ళకి ఇక చూపించడానికి ఒక నది దొరికింది.

మర్నాడు ఇంకో 700. మూడు రోజుల్లో 3,536. ఆ డిసెంబరు ఆఖరుకి ఏడాది లెక్క 9,606.

అంతటితో ఆగలేదు. ఆ అల నైజాం హద్దు దాటింది.

1879. హనుమకొండ. రైలు ఇంకా ఈ దిక్కుకి రాలేదు, వచ్చింది 1886లో. బాప్టిస్టు మిషన్ తరఫున లోరిడ్జ్ దొర ఇక్కడ మకాం పెట్టాడు. ఒంగోలు కంటే ఇక్కడ చిక్కు వేరు. హనుమకొండ నడిబొడ్డున వెయ్యి స్తంభాల గుడి. రుద్రదేవుడు 1163లో కట్టించిన త్రికూటాలయం. శివుడికో గర్భగుడి, విష్ణువుకో గర్భగుడి, సూర్యుడికో గర్భగుడి. మూడు వాకిళ్ళు, మూడు కొలువులు. అది చూసి పెరిగిన మనిషికి తండ్రి, కుమారుడు, ఆత్మ అని చెప్తే మొదట తట్టేది ముగ్గురు దేవుళ్ళే. ఒక్కడేనని చెప్పాలి. ఒక్కడంటే ఒంటరివాడు కాడనీ చెప్పాలి. ఓరుగల్లు సీమలో సువార్త చెప్పేవాడికి ఇది తప్పని పరీక్ష.

హనుమకొండ నుంచి హైదరాబాదు దారి పట్టి కాజీపేట దాటితే మడికొండ. ఊరి మీద మెట్టుగుట్ట, గుట్ట మీద రామలింగేశ్వరుడు. ఇక్కడి క్రైస్తవుడికి ఇవాళ అటూ ఇటూ గుళ్ళున్నాయి. ఒకవైపు హనుమకొండ బాప్టిస్టులు, ఈడొచ్చాక నీళ్ళలో ముంచేవాళ్ళు. ఇంకోవైపు కాజీపేట ఫాతిమానగర్‌లో కతోలికుల పెద్దగుడి. 1952లో ఏర్పడిన వరంగల్ మేత్రాసనానికి అదే కేంద్రం. అక్కడ పసిబిడ్డ నుదుటి మీద నీళ్ళు పోస్తారు. పితా పుత్ర పవిత్రాత్మ అంటారు. పెంతెకొస్తు తర్వాతి ఆదివారం త్రిత్వ పండగ చేస్తారు. వయసు దగ్గర తగాదా, నీళ్ళ దగ్గర తగాదా, పోప్ దగ్గర తగాదా. మూడు పేర్ల దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకే మాట.

అక్కడే మూడో గొంతు లేస్తుంది.

తెలుగు నేల మీద ఈ గొంతు చాలా ఊళ్ళలో వినిపిస్తుంది. బాప్తిస్మం యేసు పేరు ఒక్కటే చెప్పి ఇవ్వాలంటారు వీళ్ళు. తండ్రి ఆయనే, ఆత్మా ఆయనే, ముగ్గురంటూ లేరంటారు. మూడు పేర్లతో మునిగినవాళ్ళని మళ్ళీ మునగమంటారు. మాట వరసకి అనడం కాదు, ఇళ్ళకొచ్చి కూర్చుని అడుగుతారు. అపొస్తలుల కార్యాలు రెండో అధ్యాయం తీస్తారు, పేతురు యేసు పేరే చెప్పాడని చూపిస్తారు. సంఘపెద్ద మత్తయి సువార్త ఆఖరి అధ్యాయం తీస్తాడు. అక్కడ మూడు పేర్లూ చెప్పింది యేసే. ఇంకొకరు యొర్దాను నది దగ్గరికి వెళ్తారు. కుమారుడు నీళ్ళలో ఉన్నాడు, ఆత్మ పావురంలా దిగాడు, తండ్రి పైనుంచి పలికాడు. ఒకే మనిషి అయితే పైనుంచి తనని తానే పిలుచుకున్నాడా అని నిలదీస్తారు.

నాలుగో శతాబ్దంలో కాన్‌స్టాంటినోపుల్ బజారు ఇలాగే ఉండేదని బాసిల్ తమ్ముడు, నిస్సా బిషప్ గ్రెగరీ చెప్పాడు. రొట్టె ధర అడిగితే, తండ్రి పెద్ద, కుమారుడు చిన్న అని జవాబొచ్చేదట. స్నానానికి నీళ్ళు కాగాయా అంటే, కుమారుడు శూన్యం నుంచి పుట్టాడనేవారట. ఆయన విసుగుతో చెప్పాడు గానీ, విసుక్కోవాల్సిన సంగతి కాదది. దేవుడు ఎవరన్నది రొట్టెలమ్మేవాడికీ పట్టిన ఊరది.

ఇవాళ ఇక్కడా అంతే. సంఘపెద్ద వేలు మత్తయి పేజీ మీద ఉంది. అవతలి మనిషి వేలు అపొస్తలుల కార్యాల మీద ఉంది. మళ్ళీ మునగాలా వద్దా అని అడగడానికొచ్చిన కుర్రాడు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. వాళ్ళ నాయనమ్మ బాప్తిస్మం ఏ పేరున జరిగిందో కనుక్కుని రమ్మన్నాడు సంఘపెద్ద. కుర్రాడు లేచి ఇంటికి బయల్దేరాడు.